మెహరక్క అడిగిన కలలు

మొన్న సోమవారం మా నర్సింగ్ విద్యార్థినులను వెంటబెట్టుకుని కర్నూలులో ఒక ఆసుపత్రి డయాలిసిస్ వార్డులోకి అడుగు పెట్టగానే, వెనిగర్ లాంటి పుల్లటి వాసన ముక్కుకు తగిలింది. యంత్రాలకు పెట్టే ద్రావణం వాసన అది. ఎన్నిసార్లు తుడిచినా గచ్చుకూ తెరలకూ దుప్పట్లకూ పట్టుకునే ఉంటుంది. పిల్లల్లో ఒకరిద్దరు చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాను. పదహారేళ్ళ కిందటి కడప కళ్ళ ముందుకు వచ్చింది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఏసీ చలి, పది యంత్రాలు ఒకే తీరుగా చేసే సన్నని రొద, ఆ రొదలో సగం మెలకువలో సగం నిద్రలో తేలుతున్న మనుషులు. వాళ్ళ మధ్య మంచం నుంచి మంచానికి నడుస్తూ, "రాత్రి ఏం కల వచ్చిందప్పా, చెప్పు" అని అడుగుతున్న మెహరక్క. ఆమెను మీరు చూసి ఉండరు. చూసి ఉంటే ఇదంతా రాయాల్సిన పని లేకపోయేది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు ఈరమ్మ. మాది కోసిగి దగ్గర చిన్న పల్లె. వానలు మొహం చాటేసిన ఏడాది మా వైపు జనం పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలి, మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు వెళ్తారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. మా అమ్మా నాన్నా ఏటా సుగ్గికి పోయేవాళ్ళు. నన్ను మా అవ్వ పెంచింది. నాకు పదకొండేళ్ళప్పుడు అవ్వ మంచాన పడింది. "నీ కొడుకు వస్తాండాడు, బస్సెక్కినాడంట" అని వీధిలోవాళ్ళు ఆమెకు మూడు రోజులు చెబుతూనే ఉన్నారు. మా నాన్నకు అసలు కబురే అందలేదని నాకు తెలుసు. అవ్వ వాకిలి వైపు తల తిప్పుకుని, అట్లాగే చూస్తూ చూస్తూ పోయింది. నర్సు కావాలని ఎప్పుడు అనుకున్నానో నాకే సరిగ్గా గుర్తు లేదు. ఆ చూపు మాత్రం అంతకు ముందు నుంచే నాలో ఉంది.

చదువు అయిపోగానే కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలిసిస్ వార్డులో ఉద్యోగం దొరికింది. మెహరున్నీసా అక్కడ పెద్ద నర్సు. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది. నడి వేసవిలో కూడా తెల్లచీర మీద బూడిదరంగు స్వెట్టర్ వేసుకునేది. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోయాడు. పిల్లలు లేరు. చెల్లెలు నసీమా కుటుంబంతో ఉండేది. మొదటి రోజు నన్ను పైనుంచి కిందికి చూసి, "యాడిదానివి పాపా?" అంది.

"కోసిగి దగ్గర, మేడం."

"మేడం గాదు, అక్కా అను. సూది కుచ్చడం వచ్చా?"

"వచ్చక్కా."

"సూది ఎవురికైనా వస్తాది. ముందు చెయ్యి పట్టుకో."

ఒక రోగి ముంజేతి మీద, డయాలిసిస్ కోసం రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన చోట, నా వేళ్ళు పెట్టించింది. చర్మం కింద పిల్లి పడుకుని గురగురలాడినట్టు ఒక అదురు. "కండ్లు మూసుకుని చూడు. అది ఆడతాంటే నాళం బాగుండాదని. ఆడకపోతే సూది ముట్టుకోగాకు, నన్ను పిలువు. ఈ చెయ్యి పోతే ఈయప్పకు ఇంకో చెయ్యి యాడ తెస్తాం?" అంది. ఆ రోజంతా నాతో ఒక్క సూది కూడా పట్టించలేదు. పది మంది చేతులు పట్టుకుని కళ్ళు మూసుకోవడమే నా పని.

ఆ వార్డులో అందరికీ నీళ్ళ కలలే వచ్చేవి. కిడ్నీలు చెడినవాళ్ళు రోజుకు కొలిచినట్టు నాలుగు గ్లాసులకు మించి తాగకూడదు. పుట్టినప్పటి నుంచీ నీళ్ళకు మొహం వాచిన సీమలో, చివరికి ఒంట్లో కూడా కరువు వచ్చినవాళ్ళు వాళ్ళు. రిటైరైన టీచరమ్మ ఒకామె కలలో ఎప్పుడూ ఆరేసిన బట్టలు తడుస్తూనే ఉండేవి. ఒక్కసారి కూడా ఆరేవి కావు. ఇంకొకాయనకు పెన్న రెండు ఒడ్లూ ఒరుసుకుని వచ్చి, వాళ్ళింట్లో మంచం కింద నుంచి మెల్లగా పారుతూ వెళ్ళిపోయేది. అందరికంటే పెద్ద కలలు ఓబులేసువి. ఆయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. గని గుంత నిండా తేటనీళ్ళు నిలిచినట్టూ, తాను భుజాన సమ్మెట పెట్టుకుని ఆ నీళ్ళ అడుగున నడుస్తున్నట్టూ, తలెత్తి చూస్తే లారీలన్నీ పైన పడవల్లా తేలుతున్నట్టూ చెప్పేవాడు.

మెహరక్క సూదులు సర్దుతూనే అడిగేది. "నీళ్ళు చల్లగా ఉండాయా, ఉడుకుగా ఉండాయా?"

"మోకాళ్ళ కాడ చల్లగుండాయమ్మా. పైకి పోయేకొద్దీ ఎండకు కాగినట్టు ఎచ్చగా..."

"ఊపిరి ఎట్ల ఆడతాండె?"

"అదే ఇచిత్రం. నీళ్ళలో శానా బాగ ఆడతాండె."

ఒక మధ్యాహ్నం ఓబులేసు నాకు కల చెబుతున్నాడు. పక్క మంచం దగ్గర ఉన్న మెహరక్క ఉన్నట్టుండి, "ఈరమ్మా, ఆయప్ప కాళ్ళు పైకెత్తు, బీపీ చూడు" అంది. చూస్తే బీపీ బాగా పడిపోయి ఉంది. యంత్రం ఇంకా అరవనే లేదు. సెలైన్ ఎక్కించి, ఆయన తేరుకున్నాక అడిగాను, ఎట్లా తెలిసిందని. "నీళ్ళు అనే మాట రెండుసార్లు అన్యాడు, మూడోసారి సగంలో మింగేసినాడు" అంది. అప్పుడు అర్థమైంది, నాలుగు గంటల పాటు ఆమె వాళ్ళను ఎందుకు మాట్లాడిస్తూ ఉంటుందో. నాకు కొంచెం ఉసూరుమనిపించింది. "అయితే కలల కోసం కాదా అక్కా అడిగేది?" అన్నాను. ఆమె నవ్వింది. "రెండిటికీ. ఒట్టి బీపీ కోసరమే అడిగితే వాళ్ళకు తెలిసిపోతాది పాపా. రెండు రోజులకే కలలు చెప్పడం మానేస్తారు."

నేను చేసిన తప్పు ఓబులేసు విషయంలోనే. ఆయన మూడేళ్ళుగా వారానికి రెండుసార్లు వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా పిక్కలు పట్టేసి మెలికలు తిరిగేవాడు. ఇంటికి వెళ్ళి, కోలుకునేలోపే మళ్ళీ రావాల్సిన రోజు వచ్చేది. ఒక రోజు సూది తీశాక నాతో, "పాపా, ఇంక చాలనిపిస్తాంది. వచ్చేవారం నుంచి రాను" అన్నాడు. ఆలోచించకుండానే నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. "అట్లనద్దు పెద్దనాయనా. పెద్ద డాక్టరు నిన్ననే చెప్పినాడు, మీ పరీక్షలు బాగవుతాండాయంట. రెండు నెలలు ఓర్చుకుంటే కిడ్నీ మళ్ళా పనిచేస్తాదంట." ఏ డాక్టరూ అట్లా అనలేదు. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూసి, "అట్లనా" అన్నాడు. ఆ తర్వాత ఐదు వారాలు తప్పకుండా వచ్చాడు. పిక్కలు పట్టేసినప్పుడు మంచం అంచు పట్టుకుని పళ్ళు బిగించేవాడు. మనిషి బతికి ఉన్నాడు కదా అని నేను లోపల గర్వపడ్డాను. దాచడం ఎందుకు, నిజంగానే గర్వపడ్డాను.

ఆరో వారం ఆయన భార్య సుబ్బమ్మ మెహరక్కను అడిగింది. "రెండు నెలలన్యారు గదమ్మా, ఇంక మూడు వారాలేనా?" మెహరక్క ఆమెకు ఏదో సర్ది చెప్పి, నన్ను మెట్ల దగ్గరకు తీసుకెళ్ళింది.

"ఎవురు చెప్పినారు ఈ మాట?"

"నేనేనక్కా."

"ఎందుకు?"

"రాకపోతే ఆయన సచ్చిపోతాడక్కా."

"సచ్చిపోతాడు. అది ఆయప్పకు తెల్సు. నీకే తెలీనట్టుండాది." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది. "తప్పు నువ్వు చేసినావు, నువ్వే చెప్పాల. నేను పక్కన కూర్చుంటా."

మంచం పక్కన స్టూలు మీద నేను, పక్కన ఆమె. చెప్పడం మొదలుపెట్టాను గానీ, "డాక్టరు అట్లా అనలేదు పెద్దనాయనా, నేనే..." దగ్గర ఆగిపోయాను. ఓబులేసు సూదులు లేని చేయి చాపి నా తల మీద పెట్టాడు.

"నాకు తెల్సు పాపా. ఆ పొద్దే తెల్సు. చెడిన కిడ్నీ మళ్ళా మొలుస్తాదా? నువ్వు అంత ఆశగా చెప్తాంటే కాదనేదానికి మనసు రాలా. నీ కోసరమే వచ్చినా ఇన్నాళ్ళు."

ఆ మాట విన్నాక నాకు ఏడుపు కూడా రాలేదు. ఆయన పిక్కలు పట్టుకుని మెలికలు తిరిగిన ప్రతి మధ్యాహ్నమూ నా కోసమే.

తర్వాత డాక్టరు ఆయనతోనూ ఇంట్లోవాళ్ళతోనూ కూర్చుని మాట్లాడాడు. ఓబులేసు డయాలిసిస్ మానేశాడు. నాలుగో రోజు మెహరక్కా నేనూ బస్సులో వాళ్ళ ఊరు వెళ్ళాం. దారి పొడవునా తెల్లటి రాతిదుమ్ము చెట్ల మీద వెన్నెల పరిచినట్టు ఉంది. ఆయన వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. "అమ్మా, ఇప్పుడు నీళ్ళు తాగొచ్చునా?" అని అడిగాడు. "తాగప్పా. నీకు ఎంత బుద్ధి పుడితే అంత" అంది మెహరక్క. సుబ్బమ్మ కుండలోంచి చెంబు నిండా ముంచి తెచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆపి ఆపి తాగాడు. చెంబు సగమైనా కాలేదు. మూతి తుడుచుకుని, "చాలు. నేనేమో బావి తాగేస్తాననుకుంటి" అని నవ్వాడు. సుబ్బమ్మ కూడా నవ్వింది. ఆ వాకిట్లో అందరం నవ్వడం నాకు ఇప్పటికీ ఎక్కడో నిద్రలో చూసినట్టే ఉంటుంది.

ఆయన పదకొండో రోజున పోయాడు. సుఖంగా పోలేదు. చివరి రెండు రోజులు ఊపిరి అందక అల్లాడాడని, ఏం చేయాలో ఎవరికీ తోచలేదని సుబ్బమ్మ వచ్చి చెప్పింది. మెహరక్క ఆ రోజు ఎవరినీ కలలు అడగలేదు. నెల తిరిగేసరికి ఉద్యోగం మానేసింది. కర్నూలు శివార్లలో, జబ్బు ఇక నయం కాదని తేలినవాళ్ళను చివరిదాకా చూసుకునే చిన్న ఆశ్రమంలో చేరింది. ఎనిమిది మంచాలు, నల్లరాతి బండల నేల, కిటికీల బయట గుట్టలు. రెండేళ్ళ తర్వాత అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది. "ఈడ ఒక మనిషి తక్కువుండాది. వస్తావా?" అంది, అంతే. వెళ్ళాను.

డయాలిసిస్ వార్డులో గడియారం చూస్తూ బతికిన నాకు, అక్కడ గంటలు ఎటు పోతున్నాయో తెలిసేది కాదు. మొదట్లో చేతులకు పని లేక పిచ్చెక్కేది. పుండు కడగడం, నొప్పి మందు వేళకు ఇవ్వడం, పెదవులు తడపడం, ఊరికే కూర్చోవడం. మెహరక్క అక్కడ మరీ నెమ్మదించింది. ఆమె గదిలోకి వస్తే గాలి వచ్చినట్టే ఉండేది, మనిషి వచ్చినట్టు ఉండేది కాదు.

ఒక మాఘమాసంలో కోసిగి వైపు నుంచే హనుమక్క అనే ముసలామెను తెచ్చారు. గొంతులో క్యాన్సర్. చూపు దాదాపు పోయింది. ఉన్న ఒక్క కూతురు సుగ్గికి పోయి ఉంది. మూడో రోజు నా కొంగు పట్టుకుని, "నా బిడ్డ వస్తాదేమమ్మా?" అని అడిగింది. అదే యాస, అదే ప్రశ్న. నాకు పదకొండేళ్ళ వయసు తిరిగి వచ్చింది. వస్తాండాది అవ్వా, బస్సెక్కింది అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. మెహరక్క ఎదుటి మంచం దగ్గర దుప్పటి మడుస్తోంది. నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదని నాకు తెలుసు.

"తెలీదవ్వా" అన్నాను. "బిడ్డను పనికి పిల్చుకొని పోయిన మేస్త్రీకి ఫోన్ చేసినాం. చెప్తానన్యాడు. బిడ్డకు చెప్పినాడో లేదో, ఆయమ్మ బయలుదేరిందో లేదో తెలీదు. రేపు పొద్దున మళ్ళా చేస్తాం."

హనుమక్క నా కొంగు వదలలేదు. "తెలీదంటివి" అంది. "మంచిదేలే. అందరూ వస్తాది వస్తాది అంటాంటే ఇంక రాదేమో అనుకుంటి." తర్వాత తన కూతురు చిన్నప్పుడు ఎట్లా మొండికేసేదో చెబుతూ నిద్రపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆ కూతురు వచ్చింది. రెండు బస్సులు మారి, పని బట్టలతోనే వచ్చింది. వేళ్ళ సందుల్లో ఇంకా మిరప ఎరుపు ఉంది. తల్లి చెంప మీద చేయి పెట్టింది. హనుమక్క ఆ చేతిని వాసన చూసి, "ఘాటు... వచ్చినావా మే" అంది. ఆ తర్వాత రెండు రోజులు బతికింది. అవి మాత్రం తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఒకే దుప్పటి కింద గడిపిన రోజులు. నేను వెనక వరండాలోకి పోయి చాలా ఏళ్ళ ఏడుపు ఏడ్చాను. మెహరక్క వచ్చి పక్కన నిలబడింది. మా అవ్వ సంగతి ఆమెకు అప్పుడే మొదటిసారి చెప్పాను. విని, "అందుకేనా ఓబులేసప్పకు అట్ల చెప్పింది" అంది. అవును అన్నాను. ఆ సంబంధం నాకు అంతవరకూ తట్టనే లేదు.

నన్ను పాఠాలు చెప్పే పనిలోకి తోసింది కూడా ఆమే. పై చదువుకు దరఖాస్తు తానే తెచ్చి ఇచ్చింది. మంచం పక్క నుంచి పారిపోతున్నట్టు ఉందక్కా అంటే, "నువ్వొక్కదానివి ఎన్ని మంచాల పక్కన కూర్చుంటావు? పో" అని కసిరింది. అట్లా పై చదువు ముగించి, కర్నూలు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. సెలవుల్లో ఆశ్రమానికి వెళ్ళేదాన్ని. అరవై ఐదు దాటాక ఆమె పని మానేసి కడపకు, చెల్లెలింటికి వెళ్ళిపోయింది.

రెండేళ్ళ కిందట నసీమా ఫోన్ చేసింది, అక్కకు కాలేయంలో క్యాన్సర్ అని, ఎక్కడెక్కడో పాకిందని. వెళ్ళేసరికి మధ్యాహ్నం. పరదాల గుండా వచ్చిన వెలుతురు గదంతా తేనెరంగు చేసింది. మెహరక్క దిండ్లకు ఆనుకుని ఉంది. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. నసీమా టీ పెట్టడానికి వెళ్ళగానే, "చెయ్యి పెట్టి చూడు" అంది. పొట్ట మీద చేయి పెట్టి చూశాను. కాళ్ళ వాపు చూశాను. డాక్టర్ల కాగితాలు చదివాను.

"నసీమా నన్ను రంజాన్ దాకా లాగుతాంది. నువ్వు చెప్పు."

రంజాన్ ఇంకా మూడు నెలలుంది. ఆమె చేయి పట్టుకున్నాను. "అప్పటిదాకా ఉండవక్కా. రెండు వారాలు. ఇంకా తక్కువే కావచ్చు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఆమె ముందు ఏడవకూడదని, "మంచినీళ్ళు తెస్తానక్కా" అంటూ లేచాను.

"కూర్చో."

కూర్చున్నాను.

"నిజం చెప్పి లేసిపోగూడదు ఈరమ్మా. ఇది నేను నీకు నేర్పలేదు. నాకే తెలీదు. ఈ మంచం మీద పడినాక, ఇదో ఇప్పుడు, నువ్వు లేస్తాంటే తెలిసింది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నేను గూడ అట్లనే చేస్తాంటి. చెప్పడం, మంచినీళ్ళని, మందులని లేసిపోవడం. ఎంతమందిని అట్ల ఒంటిగా వదిలిపెడితినో."

నేను లేవలేదు. నసీమా టీ తెచ్చి, మమ్మల్ని చూసి, కప్పులు బల్ల మీద పెట్టి తనూ మంచం చివర కూర్చుంది. టీ చల్లారిపోయింది. తేనెరంగు వెలుతురు గోడ మీదికి ఎక్కి, సన్నబడి, పోయింది. ఎక్కడో అజాన్ వినిపించింది. అంతసేపూ ఆమె బొటనవేలు నా మణికట్టు మీద మెల్లగా కదులుతూనే ఉంది.

చీకటి పడేముందు అంది, "వారంలోపల నీ పిల్లలను ఇద్దరిని పిల్చుకొని రా. ఈ పొట్టతో మనిషిని నొప్పి తెలీకుండా పక్కకు తిప్పడం కాలేజీలో బొమ్మ మీద రాదు. నేనుండంగానే నేర్చుకోనీ."

తీసుకెళ్ళాను. అనిత, సుమలత, రెండో సంవత్సరం పిల్లలు. భయంతో గోడకు అతుక్కుపోయి నిలబడ్డారు. మెహరక్క వాళ్ళ ఊర్లు అడిగింది, రాత్రి ఏం తిన్నారని అడిగింది. తర్వాత దుప్పటి ఎట్లా పట్టుకోవాలో, మోకాళ్ళ మధ్య దిండు ఎప్పుడు పెట్టాలో పడుకునే చెప్పింది. అనిత చేతులు వణుకుతున్నాయి. "నొప్పి పుడుతోందా మేడం?" అంది.

"పుడుతాంది. ఆపగాకు. నెమ్మదిగా పో... ఆ, అట్ల. ఇప్పుడు తక్కువాయె."

మూడుసార్లు తిప్పించుకుంది. మూడోసారికి అనిత చేతులు వణకడం మానేశాయి. మెహరక్క చెమటలు పట్టిన మొహంతో, "శభాష్" అంది. రెండు వారాలని నేను చెప్పిన తొమ్మిదో రోజు ఉదయం ఆమె పోయింది.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. అన్నిటినీ క్లాసులో చెబుతాను. పరీక్షలో రాయిస్తాను. చెప్పి లేచిపోకపోవడం ఒక్కటి మాత్రం ఎట్లా నేర్పాలో నాకు తెలియలేదు. నాకే అది ప్రతిసారీ కొత్తగా వస్తుంది. చేదు మాట చెప్పిన మరుక్షణం కాళ్ళు వాటంతటవే లేవబోతాయి. మందుల ట్రే గుర్తొస్తుంది, ఫోన్ మోగినట్టు అనిపిస్తుంది. కూర్చో అన్న ఆ గొంతుతో కాళ్ళను పట్టి ఆపుకుంటాను. కొన్నిసార్లు ఆపుకోలేక లేచిపోతాను కూడా. గుమ్మం దాకా వెళ్ళి, సిగ్గుపడి, వెనక్కి వస్తాను.

అనిత చదువు ముగించి ఇప్పుడు అదే ఆశ్రమంలో పనిచేస్తోంది. పోయిన నెల ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"మేడం, ఈ పొద్దు ఒకాయనకు చెప్పినాను. నేనే చెప్పినాను. ఎన్ని రోజులని అడిగితే."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు మేడం. గోడ పక్కకు తిరుక్కున్యాడు. నాకు ఏం చేయాలో తెలీలేదు. శానాసేపటికి, నీకు పనుంటే పోమ్మా అన్యాడు."

నేను అడిగాను. "మరి?"

"పోలేదు మేడం."